సినిమాలో లేని గొలుసు

ఆ పాత ఇంగ్లీషు నవలలో తన కథ తానే చెప్పే దొంగ తన అసలు పేరు చివరిదాకా చెప్పదు. నేనూ ఇందులో ఎవరి పేరూ చెప్పను. ఆమెకు ఉరికొయ్య భయం, నాది మర్యాద. తేదీల విషయంలో మాత్రం ఆమె కంటే నేను నయం.

ముప్పై ఒక్క సంవత్సరాల నాలుగు నెలలు నేను కోస్తాలో ఒక యూనివర్సిటీ పరీక్షల విభాగంలో పనిచేశాను. గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. కాపీ కేసుల ఫైళ్లన్నీ నా బల్ల మీదుగానే కమిటీకి వెళ్లేవి. జాకెట్టు చేతిలో మడిచిన చీటీలు, స్కేలు వెనక పెన్సిలుతో గీరిన సూత్రాలు, ఒకసారి చెప్పు అట్ట కింద అంటించిన ఇండియా మ్యాపు. ప్రతిదాన్నీ కవర్లో పెట్టి, లక్క వేసి, పైన నంబరు రాసేదాన్ని. కాపీ కొట్టినవాళ్లు మొహం చూస్తే తెలిసిపోతారని ఆ రోజుల్లో అందరికీ చెప్పేదాన్ని.

మావారు పోయాక కెనడాలోని సస్కటూన్‌లో మా అమ్మాయి దగ్గరికి వచ్చేశాను. అమ్మాయి ఇక్కడ నర్సు. ఇంటి బేస్‌మెంట్ ముగ్గురు విద్యార్థినులకు అద్దెకిచ్చింది. ఆ ఏళ్లలో మన పిల్లలు ఎంతమంది దిగుతున్నారో చెప్పడానికి మా చర్చి కుర్చీలే సాక్ష్యం. తెలుగు ఆరాధనకు మొదట నలభై కుర్చీలు సరిపోయేవి. తర్వాత పక్క గదిలోవి మోసుకొచ్చేవాళ్లం. ఆ తర్వాత పిల్లలు గోడలకు ఆనుకుని నిలబడేవారు.

మా బేస్‌మెంట్ ముగ్గురిలో చిన్నది నిజామాబాద్ వైపు పిల్ల. పంతొమ్మిదేళ్లు. ఇంటర్ అవగానే డిగ్రీకి వచ్చింది. సాయంత్రం ఆరు నుంచి డోనట్ షాపులో పని. మా అమ్మాయిని ఆంటీ అనేది కాబట్టి నేను అమ్మమ్మనయ్యాను. సెప్టెంబరులో ఒక రోజు లావుపాటి పుస్తకం పట్టుకుని పైకి వచ్చింది. కంప్యూటర్ చదివేవాళ్లు కూడా ఒక ఇంగ్లీషు కోర్సు చెయ్యాలట. షిఫ్టు వేళలకు అడ్డం రాని కోర్సు ఒక్కటే మిగిలిందట. అది సాహిత్యంలో నేరం గురించి.

“అమ్మమ్మా, దీనికి గైడ్ ఉంటదా?” అని అడిగింది.

గైడ్ సంగతి నాకు తెలియదని, పుస్తకం ఉంది కదా, చదువుదామని చెప్పాను. ఇంగ్లీషు నేను బి.ఏ.లో చదివిన ఇంగ్లీషే. అయినా మూడు వందల ఏళ్ల కిందటి పుస్తకానికి నా ఇంగ్లీషు ఆమె ఇంగ్లీషు కంటే దగ్గరని తేలింది. అందులో అధ్యాయాలు లేవు. ఒకసారి మొదలైతే ఊపిరి తీసుకోవడానికి చోటు ఉండదు. అందుకని రోజుకు ఆరు పేజీలని నియమం పెట్టాను. ఆదివారాలు సెలవు. మధ్యాహ్నం నాలుగింటికి వంటింటి బల్ల దగ్గర ఆమె చదివేది, నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వినేదాన్ని. అర్థం కానిచోట ఇద్దరం ఆగేవాళ్లం. సెప్టెంబరు పంతొమ్మిదిన మొదలుపెట్టి నవంబరు ఇరవై నాలుగున ముగించాం. ఆమె షిఫ్టుల వల్ల నాలుగు రోజులు పోయాయి. యాభై నాలుగు రోజులు, మూడు వందల ఇరవై నాలుగు పేజీలు. నిజామాబాద్‌లో ఇంటర్ చదివిన పిల్ల ఒక్క పేజీ దాటేయకుండా ఆ పుస్తకం పూర్తి చేసిందని నేను ఇప్పటికీ అందరికీ చెబుతాను.

కథ తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. ఆ దొంగ జైల్లో పుడుతుంది. ఐదుసార్లు పెళ్లాడుతుంది. నడివయసు దాటాక చేతిలో ఏమీ లేక ఒక దుకాణంలో మూట ఎత్తుకెళుతుంది. అక్కడి నుంచి లండన్ వీధుల్లో ఆమెను మించిన దొంగ ఉండదు. వితంతువులా, బిచ్చగత్తెలా, ఒకసారి మగవాడిలా వేషం వేస్తుంది. చివరికి పట్టుబడి, ఉరి తప్పించుకుని, సముద్రం దాటి కొత్త దేశంలో పొలాలు సంపాదిస్తుంది. ఇదంతా డెబ్భై ఏళ్లకు దగ్గరపడ్డ ముసలావిడ మనకు చెబుతుంది. అప్పుడు నాకు డెబ్భై మూడు.

మా స్త్రీల ప్రార్థన కూటమిలో, ఈ మధ్య ఏం చదువుతున్నారని ఒకావిడ అడిగితే దాచకుండా చెప్పాను. ఐదుగురు మొగుళ్లున్న దొంగ కథా, ఈ వయసులో, అని ఆవిడ నోరు నొక్కుకుంది. మా అమ్మాయి టీ కప్పు దించకుండానే, “బైబిల్లో బావి దగ్గర నీళ్లు తోడిన ఆవిడకు మాత్రం ఎంతమంది మొగుళ్లు, ఆంటీ? ప్రభువు ఆవిడతో మాట్లాడలేదా?” అంది. ఆ రోజుకు ఆ చర్చ అక్కడితో సరి.

నేను పుస్తకం వెనక అట్ట మీద దొంగతనాలకు గీతలు గీస్తూ వచ్చాను. ఐదేసి గీతలకు ఒక అడ్డగీత. సరైన అంకె మాత్రం ఇక్కడ వేయను. కొన్నిచోట్ల ఆమె, ఇలాంటివి ఇంకా చాలా చేశానని ఒక్క మాటలో దాటేస్తుంది. దాటేసినదాన్ని లెక్కలో కలపడం నా పద్ధతి కాదు.

ఆ గీతల్లో ఒకదాని పక్కన పిల్ల నక్షత్రం పెట్టింది. డ్యాన్సు క్లాసు నుంచి ఒంటరిగా ఇంటికి పోతున్న చిన్నపిల్ల మెడలో గొలుసును ఆ దొంగ కాజేస్తుంది. మాటల్లో పెట్టి సందులోకి తీసుకెళ్లి తెలియకుండా తీసేస్తుంది. పిల్ల అరవకుండా చంపేద్దామన్న ఆలోచన తనకు వచ్చిందని కూడా చెబుతుంది. ఎవరూ చూడలేదు, ఎవరూ అడగలేదు. ఆమే చెబుతుంది. ఆ పేజీ చదివిన రోజు మా పిల్ల పుస్తకం మూసి, “ఇది చెప్పకపోతే ఈమెకు ఏం పోయేది, అమ్మమ్మా?” అంది.

పరీక్ష డిసెంబరు పద్నాలుగు, బుధవారం. అది అయ్యేదాకా ఆ కథను తెర మీద చూడవద్దని ప్రొఫెసర్ గట్టిగా చెప్పాడట. ఏటా కొందరు పుస్తకం చదవకుండా సినిమా చూసి, సినిమా కథే రాసి దొరికిపోతారట. కాబట్టి సెలవుల్లో లైబ్రరీ నుంచి మూడు తెచ్చింది. ఒక టీవీ సీరియల్, రెండు సినిమాలు. క్రిస్మస్ మర్నాటి నుంచి మూడు రోజులు భోజనాలయ్యాక చూశాం. నేను మళ్లీ గీతలు గీశాను. పుస్తకంలో గీతలు అట్ట నిండాయి. సీరియల్‌కు రెండు చేతుల వేళ్లు సరిపోయాయి. సినిమాలకు తలో చెయ్యి చాలింది. సీరియల్‌లో ఆమె తెలివి ఉంది, తమాషా ఉంది. ఒక సినిమాలో ఆమె ప్రేమ కోసం దొంగ అయింది, రెండో దాంట్లో కన్నపిల్ల కోసం. రెండింటిలోనూ బాగా ఏడ్చింది. పుస్తకంలో ఆవిడకు అంత తీరిక లేదు.

రెండో సినిమా అయ్యాక పిల్ల అడిగింది: “అమ్మమ్మా, గొలుసు సీన్ ఏదీ?”

“లేదు. తీసేశారు.”

“ఎందుకు?”

“అది ఉంటే మనకు ఆవిడ మీద జాలి కలగదుగా.”

జనవరి తొమ్మిది, సోమవారం. బయట మైనస్ ముప్పై ఒకటి. మధ్యాహ్నం పిల్ల ఫోను పట్టుకుని పైకి వచ్చింది. యూనివర్సిటీ నుంచి ఉత్తరం. పరీక్షలో ఒక జవాబులోని మూడు పేరాలు, పుస్తకం ముందు ఒక పండితుడు రాసిన పరిచయంలోని పేరాలతో మాటకు మాట సరిపోయాయట. పుస్తకాలు లోపలికి తీసుకెళ్లకూడని పరీక్ష కాబట్టి దొంగచాటుగా ఏదో తెచ్చి కాపీ చేసిందని అనుమానం. జనవరి పదమూడులోగా సంజాయిషీ రాసి పంపాలి, పంతొమ్మిదిన కమిటీ ముందుకు రావాలి. తప్పు పెద్దదని తేలితే ఒక టర్మ్ సస్పెన్షన్. టర్మ్ పోతే ఇక్కడ ఉండనిచ్చే స్టడీ పర్మిట్ ఏమవుతుందో ఎవరూ ఖాయంగా చెప్పలేరు. వాళ్ల నాన్న ఆటో స్పేర్ పార్టుల కొట్టు పక్క గది అమ్మి పంపిన పిల్ల.

“స్లిప్ పెట్టలే, అమ్మమ్మా. ఒట్టు,” అంది.

నేను నమ్మలేదు. అది ఇక్కడ రాయక తప్పదు. మూడు నెలలు నా వంటింట్లో కూర్చున్న పిల్ల మొహం చూసి, ముప్పై ఒక్కేళ్లు చూసిన మొహాలే గుర్తుకు తెచ్చుకున్నాను. తెల్ల కాగితాలు, పెన్ను ఇచ్చి, ఆ జవాబు మళ్లీ రాయమన్నాను. ఫోను నా దగ్గర పెట్టుకున్నాను. పరిచయం పేజీలు తెరిచి నా ఒళ్లో పెట్టుకున్నాను.

ఇరవై రెండు నిమిషాలు పట్టింది. తల ఎత్తకుండా రాసింది. రాస్తూంటే పెదవులు కదిలాయి, ఎడమకాలు తాళం వేసింది. అది చూడగానే నాకు సంగతి తెలిసిపోయింది. నేనూ అలాగే రాసేదాన్ని. మూడు పేరాలు, కామాలతో సహా.

“బట్టీ పట్టావా?”

“నాలుగు దినాలు. పది నుంచి పదమూడు దాకా. పెద్దాయన రాసింది కదా, మంచిగుంటదని. మా కాలేజీల టెక్స్ట్‌బుక్‌ల ఉన్నది ఉన్నట్టు రాస్తేనే ఫుల్ మార్కులు.”

మా దగ్గర కూడా అంతే. మేము దాన్ని దొంగతనం అనేవాళ్లం కాదు, చదువు అనేవాళ్లం. నేను సూపరింటెండెంటునైన రెండో ఏడు, ఇద్దరమ్మాయిల జవాబు పత్రాలు అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉన్నాయని ఇద్దరినీ కమిటీకి పంపాను. వాళ్లిద్దరూ కమిటీ ఎదుట వేరు వేరు గదుల్లో కూర్చుని అదే జవాబు మళ్లీ రాశారు. ఒకే గైడు, ఒకే బట్టీ. వాళ్లను వదిలేశారు. నేను మాత్రం వాళ్లకు క్షమాపణ చెప్పలేదు. కారిడార్‌లో ఎదురుపడితే ఫైలు చూస్తున్నట్టు నడిచిపోయాను.

పిల్ల స్లిప్ పెట్టలేదు. కానీ ఇక్కడి నియమాల ప్రకారం ఇతరుల మాటలు వాళ్ల పేరు చెప్పకుండా రాయడం కూడా తప్పే, అవి కాగితం మీద నుంచి వచ్చినా తలలో నుంచి వచ్చినా. మా అమ్మాయి ఆ నియమాల పేజీ తెరిచి చదివి వినిపించింది. అనుమానం ఒకటి, తప్పు ఇంకొకటి. రెండిటికీ ఒకే శిక్ష పడవచ్చు.

బుధవారం పిల్ల సంజాయిషీ ఉత్తరం తెచ్చి ఇంగ్లీషు దిద్దమంది. ఒకటిన్నర పేజీ. నాన్నకు గుండె ఆపరేషన్. చలికి నిద్ర లేదు. మనసు బాగాలేదు. పరీక్ష హాల్లో కళ్లు తిరిగాయి, ఏం రాశానో గుర్తు లేదు. ఆమె గది నేస్తం సాయం చేసిందట. కొంచెం ఏడిస్తే ఇక్కడివాళ్లు కరిగిపోతారని, ఇంకెవరో అలాగే బయటపడ్డారని చెప్పిందట.

రెండు చోట్ల కామాలు పెట్టాను. అలవాటు. తర్వాత పెన్ను మూత పెట్టి, నాన్నగారికి ఆపరేషన్ ఎప్పుడైందని అడిగాను.

“కాలేదు.”

“బట్టీ పట్టిన సంగతి ఇందులో ఎక్కడుంది?”

పిల్ల కాగితం అంచు మడవడం మొదలుపెట్టింది.

“ఆ సినిమావాళ్లు ఏం చేశారో నువ్వూ అదే చేశావు. గొలుసు సీన్ తీసేశావు,” అన్నాను.

ఆమెకు కోపం వచ్చింది. నా మీద కోపం చూపడం అదే మొదటిసారి. “మీకేం, అమ్మమ్మా. మీరు పీఆర్ మీదున్నరు, ఈడనే ఉండిపోవచ్చు. నిజం చెప్పినంక నన్ను వాపసు పంపిస్తే, మా నాయనకు మీరు చెప్తరా?”

అది న్యాయమైన ప్రశ్న. ఆ పుస్తకంలో ముసలావిడకు నిజం చెప్పడం సులువు. అన్ని శిక్షలూ అయిపోయాక, పొలాలు చేతికి వచ్చాక చెప్పింది. ఈ పిల్లకు అలా కాదు. శిక్ష ముందుంది. ఆమెకు ఏమీ కాదని నేను మాట ఇవ్వలేను. చేతనైనది ఒక్కటే.

“చెప్తాను. నంబరు రాసి ఇవ్వు,” అన్నాను.

నా డైరీలో జనవరి పేజీ తిప్పి ఆమె ముందు పెట్టాను. నా మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత నంబరు రాసింది. ఆ ఉత్తరం తీసుకుని కిందికి వెళ్లిపోయింది. మర్నాడు మధ్యాహ్నం కొత్తది తెచ్చింది. తొమ్మిది వాక్యాలు. నేను ఒక్క కామా కూడా ముట్టుకోలేదు.

పంతొమ్మిది, గురువారం. విద్యార్థి తనతో ఒకరిని తెచ్చుకోవచ్చని ఉత్తరంలో ఉంది. నన్ను రమ్మంది. చీర మీద స్వెట్టరు, దాని మీద కోటు, కాళ్లకు స్నో బూట్లు, రెండు బస్సులు. కమిటీలో ముగ్గురు. మధ్యలో కూర్చున్నావిడ అధ్యక్షురాలు. మిగతా ఇద్దరు వేరే విభాగాల మాస్టర్లు. కోర్సు చెప్పిన ప్రొఫెసర్ పక్కన విడిగా కూర్చున్నాడు. నేను వినవచ్చుగానీ మాట్లాడకూడదని అధ్యక్షురాలు మెత్తగా చెప్పింది. అటువంటి గదిలో బల్లకు ఇవతల కూర్చోవడం నా జన్మలో అదే మొదలు.

పిల్ల నాలుగు నిమిషాలు మాట్లాడింది. గోడ గడియారం చూసి చెబుతున్నాను. హాల్లోకి ఏమీ తీసుకెళ్లలేదని, ఆ మూడు పేరాలు ఆ పండితుడివని, బట్టీ పట్టి రాశానని, అతని పేరు రాయకపోవడం తన తప్పని చెప్పింది. మళ్లీ రాసి చూపిస్తానని తానే అంది. కాగితం ఇచ్చారు. పెదవులు కదిలాయి, ఎడమకాలు తాళం వేసింది. మూడో పేరా చివరికి వచ్చేసరికి ఆగి, ఇంకొక వాక్యం ఉందని, అది కూడా తనకు వచ్చని, పరీక్షలో టైం అయిపోయి వదిలేశానని చెప్పింది. ప్రొఫెసర్ జవాబు పత్రం తిప్పి చూశాడు. ఆ వాక్యం అందులో లేదు. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

ఎన్నాళ్లు పట్టిందని ఒక మాస్టారు అడిగాడు. పిల్ల ఐదు రోజులంది. నాకు ప్రాణం ఒప్పలేదు. మాట్లాడకూడదు కాబట్టి చీటీ ముక్క మీద రాసి ఆమె ముందుకు జరిపాను. ముప్పై ఒక్కేళ్లు చీటీలు పట్టుకున్న నేను, విచారణ గదిలో, ముగ్గురు చూస్తుండగా విద్యార్థికి చీటీ అందించాను. అందులో ఏముందని అధ్యక్షురాలు అడిగింది. పిల్ల చదివి వినిపించింది: “నాలుగు రోజులు. ఐదు కాదు.” ముగ్గురూ నవ్వారు. ప్రొఫెసర్ కూడా నవ్వాడు. నేను నవ్వలేదు.

తర్వాత అధ్యక్షురాలు, అంత జ్ఞాపకశక్తి ఉన్నదానివి నీ సొంత మాటల్లో ఎందుకు రాయలేదని అడిగింది. పిల్ల ఇంగ్లీషులో చెప్పింది, నాకు గుర్తున్నంతవరకు ఇది దాని అర్థం: “నా మాటలకు కూడా మార్కులు వేస్తారని నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.”

అప్పుడు ప్రొఫెసర్, సరే, ఆ దొంగ గురించి నువ్వేమనుకుంటున్నావని అడిగాడు. పిల్ల గొలుసు గురించి చెప్పింది. రెండో సినిమాలో ఆ సీను లేదని, అందులో ఆమె మంచిదైపోయిందని, కానీ తాను ఆమె మాట నమ్మింది పుస్తకంలోనే అని చెప్పింది. తనను తాను చెడ్డగా చూపించుకునే మాట కూడా చెప్పింది కాబట్టి మిగతావి కూడా నిజమే అయి ఉంటాయని అంది. ఆ మాటలు ఏ పరిచయంలోనూ లేవు. పరిచయం నేను మూడుసార్లు చదివాను. గర్వం పాపమని మా చర్చిలో చెబుతారు. ఆ గురువారం నేను ఆ పాపం నిండుగా చేశాను.

ఉత్తరం ఇరవై ఏడున వచ్చింది. హాల్లోకి ఏదో తెచ్చిందన్న ఆరోపణ కొట్టేశారు. పేరు చెప్పకుండా రాసింది తప్పేనని తేల్చారు. ఆ జవాబుకు సున్నా. దానికి బదులుగా నెలలోగా పది పేజీల వ్యాసం. సస్పెన్షన్ లేదు. శిక్ష సరిగ్గా ఉంది. నేను ఆ కమిటీలో ఉన్నా అదే వేసేదాన్ని.

వ్యాసం గొలుసు మీదే రాసింది, పుస్తకంలో ఎలా ఉంది, సీరియల్‌లో ఎలా మారింది, సినిమాలో ఎందుకు లేదు అని. పది అడిగితే పదకొండు పేజీలు. ఎవరి సాయమూ తీసుకోకూడదని షరతు కాబట్టి పంపేశాకే నాకు చూపించింది. నాలుగో పేజీలో ఒక కామా తప్పింది. చెప్పలేదు. నూటికి డెబ్భై నాలుగు వచ్చాయి. నా గీతల లెక్కను రెండో పేజీలో వాడుకుంది, కింద నన్ను పేర్కొంది, ఇంటి యజమానురాలి తల్లి, రిటైర్డ్ పరీక్షల సూపరింటెండెంట్ అని.

ఉత్తరం వచ్చిన ఆ శుక్రవారమే పిల్ల వాళ్ల నాన్నకు ఫోను చేసింది. అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ చెప్పలేదట. మా వంటింట్లో నిలబడి, స్పీకర్ పెట్టకుండా, మొదటి నుంచి చెప్పింది. బట్టీ సంగతి, సున్నా సంగతి. మొదట రాసిన ఉత్తరంలో ఆయనకు గుండె ఆపరేషన్ చేయించిన సంగతి కూడా చెప్పింది. అవతల ఆయన ఏమన్నాడో నాకు వినపడలేదు. పిల్ల ఒకసారి నవ్వింది, ఒకసారి కళ్లు తుడుచుకుంది. “అంతే చేసిన నాయనా, ఇంక దాచింది ఏం లేదు,” అని ఫోను పెట్టేసింది.

ఆయన నంబరు నా డైరీలో జనవరి పేజీలో ఇంకా ఉంది, ఆ పిల్ల చేతిరాతలో. దాని పక్కన తేదీ వేసి, వాడలేదు అని రాసుకున్నాను.